చాటింది సర్వర్... విన్నదెవరు?

ఇంటర్నెట్‌లో ఏ చిరునామా ఎక్కడుందో రాసిపెట్టిన పెద్ద పుస్తకమేదీ లేదు. "ఈ చిరునామాలు నా దగ్గరున్నాయి, వీటికి రావాల్సినవి నాకు పంపండి" అని ఒక నెట్‌వర్క్ తన పక్క నెట్‌వర్క్‌తో చెబుతుంది. అది విని తన పక్కవాళ్లకు చెబుతుంది. ఇలా నోటిమాటగా పాకిన సమాచారం మీదే ఇంటర్నెట్ అంతా నడుస్తోంది. హైదరాబాద్‌లో ఫోన్ మీద వేలు పెడితే ఫ్రాంక్‌ఫర్ట్‌లో సర్వర్ పలకడానికి ఆధారం అదే. ఈ చెప్పుకోవడానికి ఒక పద్ధతి ఉంది. దాని పేరు బోర్డర్ గేట్‌వే ప్రోటోకాల్, పొట్టిగా బీజీపీ. 1989 జనవరిలో అమెరికాలోని ఆస్టిన్‌లో ఇంటర్నెట్ ఇంజినీర్ల సమావేశం జరిగింది. అక్కడ సిస్కోకు చెందిన కిర్క్ లాహీడ్, ఐబీఎంకు చెందిన యాకోవ్ రెఖ్టర్ భోజనాల దగ్గర కూర్చుని, నాప్కిన్ల మీద దీని తొలి రూపం గీశారు. ఆ ఏడాదే అది ఆర్‌ఎఫ్‌సీ అనే సాంకేతిక పత్రంగా అచ్చయింది. నేడు ప్రపంచమంతా వాడుతున్నది దాని నాలుగో వెర్షన్.

ఒకప్పుడు ఈ సంభాషణలో చేరాలంటే లక్షలు పోసి రూటర్ కొనాలి, డేటా సెంటర్లో జాగా తీసుకోవాలి. ఇప్పుడు చిన్న వర్చువల్ సర్వర్‌ను నెల అద్దెకు తీసుకుంటే చాలు, కొన్ని కంపెనీలు దాని మీద బీజీపీ సెషన్ కూడా ఇస్తున్నాయి. సాఫ్ట్‌వేర్‌కు పైసా ఖర్చు లేదు. బర్డ్ అనేది ప్రాగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల ప్రాజెక్టుగా పుట్టింది. చెక్ దేశపు డొమైన్ రిజిస్ట్రీ ఇప్పుడు దాన్ని పెంచి పోషిస్తోంది. ఎఫ్‌ఆర్‌ఆర్ అనే మరొకటి లినక్స్ ఫౌండేషన్ గొడుగు కింద ఉంది. ఒకే చిరునామాతో నాలుగు దేశాల్లో డీఎన్‌ఎస్ సర్వర్లు నడపాలనుకునేవాళ్లు, అద్దె కంపెనీ మారినా చిరునామా మారకూడదనుకునే చిన్న సంస్థలు, నెట్‌వర్కింగ్ నేర్చుకునే విద్యార్థులు ఈ దారి పడుతున్నారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మీ సంస్థకు 198.18.0.0/23 అనే ప్రిఫిక్స్ ఉంది, అంటే 512 చిరునామాలు. మీ నెట్‌వర్క్‌కు గుర్తింపుగా ఏఎస్ 64500 అనే నంబరు ఉంది. ఈ రెండు అంకెలూ పరీక్షల కోసం, పుస్తకాల్లో ఉదాహరణల కోసం విడిగా పెట్టినవి, బయట ఎవరికీ ఇవ్వరు. ఆ ప్రిఫిక్స్‌ను రెండు /24లుగా విడగొట్టి, మొదటి సగాన్ని సింగపూర్‌లోని అద్దె సర్వర్ నుంచి అనౌన్స్ చేశారు. కాన్ఫిగరేషన్ ఫైలులో తప్పేమీ కనబడదు. అయినా బయటి నుంచి పింగ్ చేస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి?

బీజీపీ కాదని చెప్పదు

ముందుగా ఈ ప్రోటోకాల్ స్వభావం తెలియాలి. బీజీపీ మూల ప్రమాణంలో సందేశాలు నాలుగు రకాలే. పరిచయం చేసుకోవడానికి ఓపెన్, దారులు చెప్పడానికీ వెనక్కి తీసుకోవడానికీ అప్‌డేట్, బతికే ఉన్నానని తెలపడానికి కీప్‌అలైవ్, తేడా వచ్చి సెషన్ తెంచుకునేటప్పుడు నోటిఫికేషన్. "నువ్వు చెప్పిన దారిని నేను ఒప్పుకోవడం లేదు" అనే సందేశం ఈ నాలుగింటిలోనూ లేదు. అవతలివాడు మీ అప్‌డేట్ అందుకుంటాడు. తన నిబంధనలకు పట్టించి చూస్తాడు. నచ్చకపోతే పక్కన పడేస్తాడు. మీకు కబురు రాదు. సెషన్ మాత్రం చక్కగా నిలబడే ఉంటుంది.

అందుకే మీ సర్వర్ మీద ఎంత తరచి చూసినా సగం సంగతే తెలుస్తుంది. మీరు ఏం చెప్పారన్నది మీ దగ్గర కనబడుతుంది. ఎవరు నమ్మారన్నది బయట నిలబడి చూస్తేనే తెలుస్తుంది. కాబట్టి తప్పు వెతకడానికి ఒక క్రమం పెట్టుకోవాలి: సర్వర్ దగ్గర మొదలుపెట్టి, మాట ఎంతవరకు చేరిందో ఒక్కో మెట్టూ చూసుకుంటూ బయటికి నడవాలి. మధ్యలో మెట్లు దాటేసి అవీ ఇవీ మార్చుతూ పోతే ఉన్న తప్పు దొరకదు, కొత్తవి చేరతాయి.

సెషన్ నిలబడిందా?

బీజీపీ సెషన్ అంటే టీసీపీ 179వ పోర్టు మీద ఒక కనెక్షన్. అది ఐడిల్, కనెక్ట్, యాక్టివ్, ఓపెన్‌సెంట్, ఓపెన్‌కన్ఫర్మ్ అనే దశలు దాటి ఎస్టాబ్లిష్డ్‌కు చేరాలి. కొత్తవాళ్లు తెర మీద యాక్టివ్ అని చూసి పని జరుగుతోందనుకుంటారు. అది ఇంకా కనెక్షన్ కోసం తంటాలు పడుతున్న దశ. గంట తర్వాత కూడా అక్కడే ఉంటే అవతలివాడు దొరకలేదని అర్థం.

కారణం తెలియాలంటే టీసీపీడంప్ అనే పరికరంతో 179వ పోర్టు మీద వచ్చీపోయే ప్యాకెట్లు చూడాలి. ఇక్కడ మూడు దృశ్యాల్లో ఒకటి కనబడుతుంది. మొదటిది, మీ వైపు నుంచి కనెక్షన్ అడిగే సిన్ ప్యాకెట్ మళ్లీ మళ్లీ వెళ్తోంది, తిరుగు జవాబు లేదు. ఇది జరగడానికి మూడు సాధారణ కారణాలున్నాయి. ఫైర్‌వాల్ అడ్డం పడి ఉండవచ్చు. సర్వర్‌లోని ఫైర్‌వాల్ తెరిచినంత మాత్రాన సరిపోదు, కంపెనీ కంట్రోల్ ప్యానెల్‌లో ఇంకొకటి ఉంటుంది. లేదా ప్యాకెట్ ఎన్ని అడుగులు పోవచ్చో చెప్పే టీటీఎల్ అంకె చాలకపోయి ఉండవచ్చు. బయటి నెట్‌వర్క్‌తో మాట్లాడే బీజీపీ మామూలుగా టీటీఎల్ విలువ 1తో ప్యాకెట్ పంపుతుంది, పక్కనే ఉన్నవాడితోనే మాట్లాడాలని. అద్దె సర్వర్ల లోకంలో కంపెనీ రూటర్ ఒక అడుగు అవతల ఉండటం మామూలే. మల్టీహాప్ అనే సెట్టింగ్ పెట్టకపోతే ప్యాకెట్ దారిలోనే ఆగిపోతుంది. మూడో కారణం పాస్‌వర్డ్. చాలా కంపెనీలు సెషన్‌కు ఎండీ5 పాస్‌వర్డ్ ఇస్తాయి. ప్రతి టీసీపీ ప్యాకెట్ మీదా దాని ముద్ర ఉండాలి. ముద్ర సరిపోకపోతే అవతలి యంత్రం "తప్పు పాస్‌వర్డ్" అని చెప్పదు, ప్యాకెట్‌ను చూడనట్టే వదిలేస్తుంది. అతికించేటప్పుడు చివర చేరిన ఒక్క ఖాళీ అక్షరం చాలు, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. అవతలి నుంచి వచ్చే ప్యాకెట్ల ముద్ర కుదరకపోతే లినక్స్ కెర్నల్ చాలా వెర్షన్లలో తన లాగ్‌లో ఎండీ5 గురించి ఒక వరుస రాస్తుంది. అది వెతికి చూడాలి.

రెండో దృశ్యంలో సిన్ వెళ్లగానే రీసెట్ వస్తుంది. అవతలివాడు ఉన్నాడు కానీ మీరెవరో ఎరగడు. మీ సర్వర్‌కు రెండు మూడు చిరునామాలుంటే, కంపెనీ దగ్గర నమోదైనది కాకుండా వేరే చిరునామా నుంచి మాట్లాడుతున్నారేమో చూసుకోవాలి. మూడో దృశ్యంలో కనెక్షన్ కుదురుతుంది, ఓపెన్ సందేశాలు అటూ ఇటూ వెళ్తాయి, వెంటనే నోటిఫికేషన్ వచ్చి తెగిపోతుంది. ఇది నిజానికి మేలైన పరిస్థితి. నోటిఫికేషన్‌లో కారణం అంకెల్లో రాసి ఉంటుంది. 2, 2 అని ఉంటే ఏఎస్ నంబరు తేడా అన్నమాట, ఫైలులో అది దిద్దితే సరిపోతుంది.

ఇంకో వింత కూడా ఎదురవుతుంది. సెషన్ ఎస్టాబ్లిష్డ్ అవుతుంది, కొన్ని నిమిషాలకు హోల్డ్ టైమర్ (అవతలి కబురు కోసం ఆగే గడువు) అయిపోయిందని పడిపోతుంది, మళ్లీ లేస్తుంది. కీప్‌అలైవ్ సందేశం 19 బైట్లే, ఎంత ఇరుకైన దారిలోనైనా దూరిపోతుంది. అప్‌డేట్ సందేశం 4,096 బైట్ల దాకా ఉండవచ్చు. దారిలో ఎక్కడో పెద్ద ప్యాకెట్లు పట్టని ఎంటీయూ ఇబ్బంది ఉంటే పెద్దది ఇరుక్కుపోతుంది. టీసీపీ వరస తప్పనివ్వదు కాబట్టి వెనకున్న చిన్న కీప్‌అలైవ్‌లు కూడా దాని వెనకే ఆగిపోతాయి. అవతలివాడు చచ్చాడనుకుని ఇవతలివాడు సెషన్ తెంచేస్తాడు. సెషన్ లేచిన కొద్దిసేపటికే, అదీ దారులు గుంపుగా వచ్చే వేళ పడిపోతుంటే ఎంటీయూను అనుమానించండి. ఆ గుంపు చిన్నదేం కాదు: నేడు ప్రపంచ ఐపీవీ4 దారుల పట్టికలో సుమారు 10 లక్షల వరుసలున్నాయి. 1 జీబీ మెమరీ ఉన్న చిన్న సర్వర్‌కు అంత పట్టిక భారం. కేవలం అనౌన్స్ చేయడమే మీ పనైతే కంపెనీ నుంచి డిఫాల్ట్ రూట్ ఒక్కటి తీసుకుంటే సరిపోతుంది.

మాట బయటికి వెళ్లిందా?

సెషన్ నిలబడినా మీ సర్వర్ నోరు విప్పి ఉండకపోవచ్చు. 2017లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8212 ఒక నియమం పెట్టింది: ఏది పంపాలో, ఏది తీసుకోవాలో స్పష్టంగా రాసేదాకా బీజీపీ ఏదీ పంపకూడదు, ఏదీ తీసుకోకూడదు. పాత పాఠాలు చూసి ఫైలు రాసినవాళ్లు ఇక్కడే చిక్కుకుంటారు. ఎఫ్‌ఆర్‌ఆర్‌లో సమ్మరీ పట్టిక తెరిస్తే, ప్రిఫిక్స్‌ల సంఖ్య ఉండాల్సిన గడిలో పాలసీ అని కనబడుతుంది. ఆ నియమాలు చెప్పే రూట్ మ్యాప్ రాయలేదని అది మీకు చెబుతోంది.

ఇంకో మాట: పట్టికలో లేని దారిని బర్డ్ అనౌన్స్ చేయలేదు. 198.18.0.0/24కు ముందు ఒక స్టాటిక్ రూట్ పుట్టించాలి, తర్వాత ఎక్స్‌పోర్ట్ ఫిల్టర్ దాన్ని బయటికి వదలాలి. ఈ రెంటిలో ఏది లోపించినా సెషన్ పచ్చగానే ఉంటుంది. అప్‌డేట్‌లు మాత్రం సున్నా. బర్డ్‌లో షో రూట్ ఎక్స్‌పోర్ట్ అని అడిగితే ఆ పొరుగువాడికి ఏమేం పంపారో చూపిస్తుంది. ఆ జాబితాలో మీ /24 ఒక్కటే ఉండాలి. తక్కువున్నా తప్పే, ఎక్కువున్నా తప్పే. ఎక్కువుంటే ఏమవుతుందో కాసేపట్లో చూద్దాం.

కంపెనీ ఒప్పుకుందా?

మీరు అడిగినవన్నీ అద్దెకిచ్చిన కంపెనీ తలూపి పైకి పంపదు, పంపకూడదు కూడా. ఈ ప్రిఫిక్స్ మీదేనని అనుమతి పత్రం అడుగుతుంది. రాడ్‌బీ వంటి రూటింగ్ రిజిస్ట్రీల్లో "ఈ ప్రిఫిక్స్‌ను ఈ ఏఎస్ అనౌన్స్ చేస్తుంది" అనే నమోదు ఉందో లేదో చూస్తుంది. ఆ నమోదుల నుంచి ఫిల్టర్లు యంత్రాలే తయారు చేసుకుంటాయి, చాలాచోట్ల రోజుకు ఒకసారి. అందుకే ఉదయం నమోదు చేసి మధ్యాహ్నానికి దారి కనబడలేదని ఫైలంతా తిరగరాయడం వృథా శ్రమ. ప్రిఫిక్స్ పరిమాణం కూడా ముఖ్యమే. ఐపీవీ4లో /24 కంటే చిన్న ముక్కను, ఐపీవీ6లో /48 కంటే చిన్న ముక్కను ప్రపంచంలో చాలా నెట్‌వర్క్‌లు తీసుకోవు.

కంపెనీ దగ్గర మీ దారి చేరిందో లేదో తెలుసుకోవడానికి లుకింగ్ గ్లాస్ పనికొస్తుంది. తమ రూటర్ పట్టికను బయటివాళ్లు చూసుకునేలా నెట్‌వర్క్‌లు తెరిచి ఉంచే కిటికీ అది. కంపెనీ లుకింగ్ గ్లాస్‌లో మీ /24 కనబడకపోతే తప్పు మీకూ కంపెనీకీ మధ్యే ఉంది. కనబడితే ఇంకో మెట్టు దాటినట్టు.

సగం లోకానికే కనిపిస్తే

అన్నిటికన్నా తికమక పెట్టేది ఇదే. బెంగళూరులో మిత్రుడికి మీ సైట్ తెరుచుకుంటుంది, లండన్‌లో ఉన్నవాడికి తెరుచుకోదు. ఒక లుకింగ్ గ్లాస్‌లో దారి ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. యూరప్ రిజిస్ట్రీ అయిన రైప్ ఎన్‌సీసీ ప్రపంచం నలుమూలలా రూట్ కలెక్టర్లు నడుపుతోంది. ఏ ప్రిఫిక్స్ ఎంతమందికి కనబడుతోందో రైప్‌స్టాట్ పేజీలో ఉచితంగా చూడవచ్చు. అమెరికాలో ఒరెగాన్ విశ్వవిద్యాలయం నడిపే రూట్‌వ్యూస్ కూడా ఇలాంటిదే. అక్కడ మీ ప్రిఫిక్స్ కొందరికే కనబడుతోందని తేలితే, మొదట చూడాల్సింది ఆర్‌ఓఏ.

ఆర్‌ఓఏ అంటే, "ఈ ప్రిఫిక్స్‌ను ఫలానా ఏఎస్ అనౌన్స్ చేయవచ్చు, ఇంత పొడవు దాకా ముక్కలు చేయవచ్చు" అని చిరునామాల హక్కుదారు డిజిటల్ సంతకంతో ఇచ్చే పత్రం. మీకు చిరునామాలు ఇచ్చిన రిజిస్ట్రీ ద్వారానే దీన్ని సృష్టించాలి. ఇప్పుడు మన ఉదాహరణకు వద్దాం. మీరు ఆర్‌ఓఏలో 198.18.0.0/23 అని రాసి, గరిష్ఠ పొడవు గడిలో 23 అని ఉంచేశారు. అనౌన్స్ చేసిందేమో /24. లెక్క ప్రకారం అది మీ సొంత పత్రాన్నే ఉల్లంఘించిన అనౌన్స్‌మెంట్, అంటే ఇన్‌వాలిడ్. ఆర్‌ఓఏలను తనిఖీ చేసే నెట్‌వర్క్‌లు దాన్ని పడేస్తాయి. తనిఖీ చేయని నెట్‌వర్క్‌లు తీసుకుంటాయి. లోకం రెండుగా చీలింది అందుకే. ఇందులో గమ్మత్తు ఏమిటంటే, అసలు ఆర్‌ఓఏ లేకపోతే ఆ దారిని నాట్‌ఫౌండ్ కింద లెక్కగట్టి దాదాపు అందరూ ఒప్పుకుంటారు. లేని ఆర్‌ఓఏ కన్నా తప్పు ఆర్‌ఓఏ చేసే చేటు ఎక్కువ.

2024 జనవరి 3న స్పెయిన్‌లో ఆరెంజ్ కంపెనీకి అనుభవమైంది ఇదే. ఒక దుండగుడు రైప్ ఎన్‌సీసీలో ఆ కంపెనీ ఖాతాలోకి చొరబడి, తప్పు ఏఎస్ నంబర్లతో ఆర్‌ఓఏలు సృష్టించాడు. కంపెనీ అనౌన్స్‌మెంట్‌లు అన్నీ సక్రమంగానే ఉన్నాయి. కానీ పత్రాలతో పొసగక ఇన్‌వాలిడ్ అయ్యాయి, లక్షలమంది వినియోగదారులకు గంటల తరబడి ఇంటర్నెట్ కుంటుపడింది.

సొంత ఏఎస్ నంబరు లేనివాళ్లకు మరో ఉచ్చు ఉంది. కంపెనీ వాళ్లకు 64512 నుంచి 65534 వరకు ఉన్న ప్రైవేట్ నంబర్లలో ఒకటి ఇస్తుంది. లోకానికి చెప్పేటప్పుడు దాన్ని తీసేసి తన ఏఎస్ పేరుతో చెబుతుంది. అప్పుడు ఆర్‌ఓఏలో రాయాల్సింది కంపెనీ ఏఎస్ నంబరు. బయటివాళ్లకు ఏఎస్ వరుస చివర ఏ నంబరు కనబడుతుందో, పత్రంలో ఆ నంబరే ఉండాలి.

ప్యాకెట్ వచ్చింది, జవాబు వెళ్లలేదు

దారి ప్రపంచమంతా కనబడుతోంది. అయినా పింగ్ రాదు. ఇక బీజీపీని వదిలేసి మళ్లీ సర్వర్ దగ్గర టీసీపీడంప్ తీయాలి. పింగ్ ప్యాకెట్లు సర్వర్ దాకా వచ్చి, జవాబు పుట్టకపోతే, ఆ చిరునామాను సర్వర్‌కు తగిలించడం మరిచిపోయి ఉంటారు. దారిని చాటడం వేరు, ఆ చిరునామాకు పలకడం వేరు. 198.18.0.1ని లూప్‌బ్యాక్ ఇంటర్‌ఫేస్ మీదనో, డమ్మీ ఇంటర్‌ఫేస్ మీదనో పెట్టాలి. సర్వర్‌కు రెండు దారులుంటే, ఒకదాంట్లో వచ్చి ఇంకోదాంట్లో పోయే ప్యాకెట్లను లినక్స్‌లోని ఆర్‌పీ ఫిల్టర్ కఠినంగా ఉన్నప్పుడు తొక్కేస్తుంది. జవాబు సర్వర్ నుంచి బయలుదేరుతున్నా అవతల అందకపోతే తప్పు కంపెనీ వైపు. ఇతరుల చిరునామాలతో ప్యాకెట్లు పంపే మోసాన్ని అడ్డుకోవడానికి కంపెనీలు ఫిల్టర్లు పెడతాయి. మీ /24ను ఆ ఫిల్టర్ల అనుమతి జాబితాలో చేర్చమని టికెట్ వేయాలి. టికెట్‌లో "పని చేయడం లేదు" అని రాస్తే నాలుగు రోజులు పోతాయి. ప్యాకెట్ బయలుదేరిన చోటు, టైము, ట్రేస్‌రూట్, లుకింగ్ గ్లాస్ ఫలితం జత చేస్తే పని తొందరగా తెములుతుంది.

ఒక జాగ్రత్త. వెతుకులాటలో ప్రతిదానికీ సెషన్ రీస్టార్ట్ చేయకండి. పదే పదే వచ్చిపోయే దారిని కొన్ని నెట్‌వర్క్‌లు కొంతసేపు వెలివేస్తాయి. అప్పుడు తప్పు సరిదిద్దినా ఫలితం కనబడదు, సరైన మార్పునే తప్పనుకుని తీసేస్తారు.

ఇన్ని గేట్లు ఎందుకు?

ఇంత తతంగం చూసి విసుగు రావచ్చు. దీని వెనక చరిత్ర ఉంది. 1997 ఏప్రిల్ 25న అమెరికాలో ఏఎస్ 7007 అనే చిన్న నెట్‌వర్క్, లోకంలోని దారులను చిన్న ముక్కలు చేసి తనవిగా చాటింది. ప్యాకెట్లన్నీ అటు మళ్లి ఇంటర్నెట్‌లో పెద్ద భాగం స్తంభించింది. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికాం తమ దేశంలో యూట్యూబ్‌ను ఆపడానికి 208.65.153.0/24 అనే దారిని పుట్టించింది. అది దేశం లోపలే ఉండాలి. పైనున్న పీసీసీడబ్ల్యూ నెట్‌వర్క్ దాన్ని ఫిల్టర్ చేయకుండా లోకానికి పంపేసింది. యూట్యూబ్ చాటుతున్నది /22. చిన్న ముక్కకే ప్రాధాన్యం ఇవ్వడం రూటర్ల నియమం కాబట్టి ప్రపంచంలో చాలాచోట్ల యూట్యూబ్‌కు వెళ్లాల్సినవి పాకిస్తాన్ దారి పట్టాయి. భారత కాలమానంలో తేదీ 25కు మారాక, అర్ధరాత్రి 12.17కు మొదలైన గొడవ, పీసీసీడబ్ల్యూ ఆ దారులను ఉపసంహరించే సరికి రెండుంపావు గంటలు నడిచింది. మన దేశంలోనే 2021 ఏప్రిల్ 16న వొడాఫోన్ ఐడియా నెట్‌వర్క్ తనవి కాని 30 వేలకు పైగా ప్రిఫిక్స్‌లను తనవిగా అనౌన్స్ చేసింది.

మీ /24ను ఆపిన ఫిల్టరూ, పత్రమూ, తనిఖీ ఇలాంటి ప్రమాదాలకు విరుగుడుగా వచ్చినవే. నాప్కిన్ల మీద పుట్టిన బీజీపీకి అబద్ధాన్ని గుర్తించే శక్తి లేదు. ఆ పని చుట్టూ ఉన్న ఈ ఏర్పాట్లు చేస్తున్నాయి. పైగా అడ్డుకునే ఫిల్టర్లు లేకపోతే, నెలకు కొద్దిపాటి అద్దెకు దొరికే బీజీపీ సర్వర్ కూడా ఇప్పుడు ఏఎస్ 7007 చేసిన పని చేయగల స్థితిలో ఉంది.

మీరు ఈ పనికి దిగితే ముందు మీ రిజిస్ట్రీ దగ్గర ఆర్‌ఓఏ సరిచూసుకోండి. మన దేశంలో చిరునామాలు తీసుకున్నవాళ్లలో చాలామందికి ఆ రిజిస్ట్రీ నిక్సీ అనే సంస్థ నడిపే ఐఆర్‌ఐఎన్‌ఎన్. తర్వాత రూటింగ్ రిజిస్ట్రీ నమోదు, ఆ తర్వాత సెషన్, చివరికి అనౌన్స్‌మెంట్. మీ ఎక్స్‌పోర్ట్ ఫిల్టర్‌లో మీ ప్రిఫిక్స్ పేరు రాసి, మిగతావన్నీ వద్దని రాయండి. పని అయిందని మీ సర్వర్ చెబితే నమ్మకండి. బయటి కలెక్టర్లు చెబితే నమ్మండి.